ఆదివారం బళ్ల లెక్క

కమిషనర్ గారి బల్ల మీద అదింకా ప్రతిపాదనే.
బండికి ఐదు, కారుకి పదిహేను, బస్సుకి నలభై.
విజయనగరం చివర వినోదాల పార్కులో
ఆగిన ప్రతి చక్రం మీదా నగరపాలక సంస్థకి వాటా.
"ముందు లెక్క తే" అన్నారు.
రెవెన్యూ సెక్షన్లో పెళ్లికానివాణ్ణి నేనొక్కణ్ణే గనక
ఆదివారం నా మీద పడింది.

ఒక అట్ట, క్లిప్పు, రెండు పెన్నులు,
మా అప్ప కట్టిచ్చిన పులిహోర.
తొమ్మిదికి గేటు దగ్గర నాకో కుర్చీ వేశాడు తవిటయ్య.
మూడు కాళ్లు దాని సొంతం, నాలుగోది ఇటుక.

ముప్పై ఏళ్లు జూట్ మిల్లులో మగ్గం మీద నిలబడ్డ మనిషి.
మిల్లు గేటుకి తాళం పడ్డాక
ఇక్కడ టోకెన్లు చింపుతున్నాడు.
ఒక్క లాగు. అంచున పీచు మిగలదు.

"ఈ జాగా అంతా గోగుచేను బావూ!
ఆ కార్లున్న కాడ గోతిలో కట్టలు ఊరేసీవోరు.
కంపు గంటస్తంభం దాకా ఒచ్చీది.
ఇప్పుడు సూడు, ఐస్‌క్రీము వోసన."
నాలుగు నిలువు గీతలు, మీద ఒక అడ్డగీత. ఐదు.

పదకొండయ్యేసరికి ఎండ
ఖాళీ సీట్లన్నిటి మీదా ఎక్కి కూర్చుంది.
గజపతినగరం వైపు నుంచి ఒక పాత మోటారు సైకిలు:
ట్యాంకు మీద గుంటడు, నడుమ ఇద్దరు గుంటలు,
అంచున తల్లి, ఒళ్లో ఇంకొకడు,
చెప్పు జారిపోకుండా ఆమె కాలివేళ్లు బిగించిన తీరు.
నా కాగితంలో అది
ద్విచక్రవాహనం, ఒకటి.

రామభద్రపురం నుంచి ట్రాక్టరొచ్చింది,
తొట్టిలో ముప్పైమంది, ఒక డప్పు.
ట్రాక్టరుకి గడి లేదు.
కాసేపు ఆలోచించి బస్సులో రాశాను.

"ఆ ఐదూ ఎవులిత్తారు బావూ?"
పార్కు వాళ్లే కట్టాలని రూలు, అన్నాను.
"అయితే ఇరవై టోకెను ముప్పయ్యైపోద్ది.
ఐదుకి ఐదే పెరగడం నానెప్పుడూ సూళ్లేదు.
అయినా నిలబడ్డ బండికేటి పన్ను?
కదిల్తే గదా రోడ్డరిగీది!"

నాకూ కోపమొచ్చింది, ప్రభుత్వపు కోపం.
సోమవారం తెల్లారి ఈ రోడ్డంతా కప్పులూ కవర్లూ,
మొక్కజొన్న కండెలూ, తడిసిన డైపర్లూ.
వంగి ఎత్తేది మా పోలమ్మ కాదా?
ఆమె జీతం ఎక్కణ్ణించి రావాలి?

తవిటయ్య టోకెన్ల కట్ట సర్దుకున్నాడు.
"అయితే ఆ ఐదూ పోలమ్మకెల్తాదేటి?"

అప్పుడే మూడు బళ్లు ఒక్కసారి వచ్చాయి.
గీతలు గీసుకునే పని దొరికింది నాకు.

నాలుగింటికి కార్పొరేటర్ గారి తెల్లకారు
టోకెను లేకుండానే లోపలికి నడిచింది.
"అది ఎయ్యకు" అన్నాడు తవిటయ్య.
వేశాను. గీత కొంచెం సన్నగా పడింది.

దీపాలు వెలిగాక
రోడ్డవతల చీకట్లో బండి ఆపుకుని
ఒక తండ్రి పిల్లని భుజమ్మీద నిలబెట్టాడు.
జెయింట్ వీల్ తిరిగినంతసేపూ ఆ పిల్ల తల తిరిగింది.
వాళ్లు లోపలికి రాలేదు.
గేటు దాటని బండి నా హద్దులోది కాదు.

తొమ్మిదిన్నర. మొత్తం కూడాను.
బళ్లు నాలుగువందల పదకొండు,
కార్లు ఎనభై ఏడు, బస్సులు మూడు.
ఆ మూడింట్లో ఒకటి ట్రాక్టరు.

స్కూటర్ తీయబోతుంటే చెయ్యి చాపాడు తవిటయ్య.
"టోకెను?"
జేబులో ఉంది, గులాబీ రంగుది, ఆరో నంబరు.
పొద్దున్న ఇరవై ఇచ్చే లోపలికొచ్చాను, మర్చిపోయాను.
పదకొండు కొట్టేసి పన్నెండు చేశాను.

ఇంటికొచ్చి చూస్తే ఆ అంకె మీదే
పులిహోర నూనె మరక.
వెనక నుంచి దీపం కనిపిస్తోంది కాగితంలోంచి.
రేపు కంప్యూటర్లో కొట్టేటప్పుడు
అంకె ఒక్కటే ఎక్కుతుంది.