నాలుగు గొంతుల పెట్టె

మూడు వందల లారి నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి
"ఇంతే ఉంది, త్సియూరీ" అంది డైరెక్టరమ్మ.
కుతాయిసి బొమ్మలాట థియేటర్‌లో
టేపు రికార్డర్ మళ్ళీ వానను నమిలేసింది,
పోయిన ఆదివారం, రాజుగారి పెళ్ళి మధ్యలో.

తెల్లారకముందే మినీబస్సెక్కి త్బిలిసి చేరాను.
అద్దాల కొట్లో కొత్త కీబోర్డ్,
ఎనభై ఎనిమిది మెట్లు,
ఒక్కో మెట్టుకీ వేలి బరువు తెలుస్తుందట.
ధర చీటీ తిప్పి చూసి
నిద్రపోతున్న పిల్లకి దుప్పటి కప్పినట్టు
మెల్లగా మళ్ళీ తిప్పేశాను.

ఎండు వంతెన మీద పాత సామాన్ల సంత.
పతకాలు, కెమెరాలు, మూతల్లేని సమోవార్లు,
వాటి మధ్య గొడుగు కింద ఓతియా.
అతని దగ్గర నలభై తొమ్మిది మెట్ల కీబోర్డ్.
దానంతట అది ఏమీ పలకదు,
ఎవరైనా గొంతు అరువిస్తే తప్ప.
నూట ఇరవై.
పక్కనే బూడిదరంగు శాంప్లర్, ఫ్లాపీ కోసం నోరు తెరుచుకుని.
నూట అరవై అన్నాడు.
వానొచ్చేలా ఉండి, నూట నలభైకి దిగాడు.
రెండిటినీ కలిపే కేబుల్ పదిహేను.
దానికి మాత్రం తగ్గనన్నాడు,
బొడ్డుతాడుకి బేరమేమిటన్నాడు.

"ఇందులో ఎంత పడుతుంది?"
"పద్నాలుగు సెకన్లు."
"ఒక్కో శబ్దానికా?"
"మొత్తానికి, తల్లీ.
ఇంకో మాట. ఒకేసారి నాలుగు గొంతులే.
ఐదోది నొక్కావో,
అన్నిటికన్నా ముందు మొదలైంది చచ్చూరుకుంటుంది."
మా అమ్మ వైపు చుట్టాల భోజనాల బల్ల గుర్తొచ్చింది నాకు.

మిగిలింది ఇరవై ఐదు. ఇరవై తిరుగు బస్సుకి.
ఐదుతో వేడి చిక్కుడుగింజల రొట్టె కొనుక్కుని
పెట్టెని ఒళ్ళో కూచోబెట్టుకుని రికోతి కనుమ దాటాను.

తర్వాత మూడు రాత్రులూ కోతలే.
పిండి కొద్దీ రొట్టె.
వానకి నాలుగు సెకన్లు, కొసని మొదలుకి కుట్టి
ఎంతసేపైనా కురిసేలా.
అతుకు దగ్గర చిన్న టిక్కుమంటుంది,
చూరు మీంచి జారిన చుక్కనుకోవాలి.
బాతుకి అర సెకను.
తలుపు కిర్రుకి ఒకటిన్నర.
అదే కిర్రు కింది మెట్టు మీద కోట తలుపు,
పైకి పోయేకొద్దీ ఎలక.
ఇంత చవక బేరం సంతలోనూ చూళ్ళేదు.
పెళ్ళి డోలు, గుడిగంట, చెరో రెండు.
ఉరుము దగ్గర ఆగిపోయాను.

ఉరుము నుగ్జార్‌ది.
ముప్ఫై ఏళ్ళు తెరవెనక ఇనపరేకు ఊపిన మనిషి.
టేపులో రేకు మోత సన్నగిల్లుతుండగా
అతని దగ్గు, ముప్పాతిక సెకను.
అది తీసేస్తే గుర్రం డెక్కలకి చోటు.
కోశాను.
కోసిన ముక్కని పారెయ్యలేక
చిట్టచివరి నల్లమెట్టు కింద దాచాను.
గుర్రమా? బల్ల మీద నా గోళ్ళే గుర్రం.

ఆదివారం. వెనక వరసలో నుగ్జార్, టోపీ ఒళ్ళో పెట్టుకుని.
తుఫాను రంగం.
వాన, ఉరుము, తలుపు, బాతు. నాలుగూ నిండాయి.
డోలుకని చాచిన చిటికెన వేలు జారింది.
ఠక్కున వాన ఆగింది.
ఆ ఖాళీలో, రాజుగారి నోటి దగ్గరే అన్నట్టు,
ఒక ముసలి దగ్గు.

రాజుని ఆడిస్తున్న జైరా ఒక్క క్షణం బిగుసుకుపోయి,
తర్వాత కిరీటం నేలకి తగిలేలా వంచి ఊపింది.
"తడిసి జలుబు చేసింది!" అరిచాడు ముందు వరస పిల్లాడు.
హాలంతా దగ్గింది.

ఆట అయ్యాక తెరవెనక్కొచ్చాడు నుగ్జార్.
"ఎంత పెట్టావు?"
"రెండు వందల డెబ్బై ఐదు."
ఉరుము మెట్టు మెల్లగా నొక్కాడు.
గట్టిగా నొక్కాడు.
రెండుసార్లూ అదే ఉరుము.
"దీనికి కోపం తెలీదు" అన్నాడు,
"పైగా తోక కోశావు."

టోపీ పెట్టుకుని, తలుపు దాకా వెళ్ళి, ఆగి:
"పై ఆదివారం రేకు తెస్తాను.
ఆ మూడు సెకన్లూ గుర్రానికిచ్చెయ్."