రెండెత్తులూ ఒక వెడల్పూ

కాలు జారితే తీసుకోవచ్చు అన్నవాళ్లు
ఎర్మినియాగారి పాత మెట్లు ఎక్కి ఉండరు.
ఒక్కోటి ఇరవై రెండు సెంటీమీటర్ల ఎత్తు,
మడమకి చోటు లేని వెడల్పు.
వల్పరాయిసోలో, కొండ వాలున, రేకు గోడల ఇల్లు.
బట్టల తొట్టి నడుముకానించుకుని
డాబా మీదికి పక్కవాటుగా ఎక్కేది ఆవిడ,
పీతలా.

మా మేస్త్రీ నిబాల్దో గోడ కొలవలేదు.
ముందు ఆవిణ్ని వీధిలోకి రమ్మన్నాడు.
"మామూలుగా నడవండి, చేపల కొట్టుకి వెళ్తున్నట్టు."
చూస్తున్నారని తెలిశాక ఎవరు మామూలుగా నడుస్తారు?
మొదటిసారి పెళ్లికూతురిలా నడిచింది,
రెండోసారి బంట్రోతులా.
మూడోసారి పక్కింటి కుక్కని తిట్టుకుంటూ నడుస్తుంటే
వెనకాలే వంగి సుద్దగీతలు పెట్టాడు.
అంగ యాభై ఎనిమిది.

"పుస్తకంలో అరవై మూడు కదా," అన్నాను.
"పుస్తకం ఈ ఇంట్లో బట్టలుతకదు," అన్నాడు.

సిమెంటు సంచీ చింపి, వెనకవైపు రాశాడు:
రెండెత్తులూ ఒక వెడల్పూ కలిస్తే ఒక అంగ.
నేల నుంచి పై నేలకి రెండువందల అరవై నాలుగు.
పదిహేడు ఎత్తులు చేస్తే ఒక్కోటి పదిహేనున్నర,
ఆ పైన వెంట్రుకవాసి.
రెండు పదిహేనున్నరలు ముప్పై ఒకటి.
యాభై ఎనిమిదిలో అది పోతే
పాదానికి దక్కేది ఇరవై ఏడు.
ఇలాంటివి పదహారు పరిస్తే నాలుగు మీటర్లు దాటింది.
నడవా మూడు తొంభై.

లెక్క తేలింది, ఇల్లు చాల్లేదు.
కుట్టుమిషను ఉన్న మూల ఇమ్మని అడిగాడు.
ఆవిడ ఒక పూటంతా మాట్లాడలేదు.
సాయంత్రం మిషను తనే ఈడ్చుకెళ్లి కిటికీ కింద పెట్టింది.
ఆ మూలలో మెట్లు మలుపు తిరిగాయి,
మధ్యలో ఒక చదరపు చపటా,
తొట్టి దించి ఊపిరి తీసుకునేంత.

మెట్లు కూర్చునే వాలు దూలాలకి
గళ్లు కోసే పని నాది.
కోశాను. ఒక్క గీత వంకర లేదు.
పైన పరిచే పలకకి నాలుగు సెంటీమీటర్ల మందం ఉంటుందని
మర్చిపోయాను, అంతే.
కింది వరసలో మొదటి మెట్టు నాలుగు ఎక్కువ,
చపటా చేరే మెట్టు నాలుగు తక్కువ,
మధ్యవన్నీ నిక్కచ్చిగా సరి.
ఆ సరైనవే కాలిని నమ్మించి మోసం చేస్తాయి.

నిబాల్దో తిట్టలేదు.
చీకటి పడ్డాక దీపమార్పి
అంచుదాకా నీళ్లు పోసిన గిన్నె చేతికిచ్చి
ఎక్కమన్నాడు.
మొదటి మెట్టుకే బొటనవేలు తన్నుకుంది.
ఆ తర్వాత కుదురుగా ఎక్కాను, కాస్త గర్వంగా కూడా.
చపటా దగ్గర కాలు
లేని ఎత్తు కోసం లేచి
ధబ్బున దిగింది. చొక్కా అంతా నీళ్లు.

కింద నుంచి ఆయన గొంతు:
"కాలు లెక్క పెట్టుకుంటూనే ఉంటుందిరా.
నోటితో చెప్పదు, అంతే."

మర్నాడు దూలాల అడుగున నాలుగు సెంటీమీటర్లు కోశాం.
కింద ఎక్కువైంది పోయింది,
పైన తక్కువైంది నిండింది.
ఒక్క కోతకి రెండు తప్పులూ మాఫీ కావడం
నా బతుకులో అదొక్కసారే చూశాను.

చేతిపట్టుకి నూనె రాస్తుంటే
ఎర్మినియాగారు తడిబట్టల తొట్టితో వచ్చింది.
సంతలో చేప ధర ఎలా మండిపోతోందో చెబుతూ
మొదటి మెట్టు ఎక్కింది, రెండోది,
చపటా మీద ఆగకుండానే మలుపు తిరిగి,
ధర సంగతి తెగకుండానే
డాబా మీది ఎండలోకి వెళ్లిపోయింది.
ఒక్కసారి కూడా కిందికి చూడలేదు.
మెట్లు బావున్నాయని అనలేదు.

నేను మేస్త్రీ వంక చూశాను.
ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ
పెదాలు కదుపుతున్నాడు,
పద్నాలుగు, పదిహేను, పదహారు.