ముప్ఫై ఒకటి

కొరుక్కుపేట రైల్వే గేటు పడితే
మా బడిలో ప్రార్థన ఆలస్యం.
గేటు అవతల నలుగురుండేవాళ్ళు.
వాళ్ళు రాకుండా మొదలుపెడితే
పై స్థాయి అందుకునే గొంతే ఉండదు మరి.

హాజరు పుస్తకం తెరిచేదాన్ని గానీ
చూసేదాన్ని కాదు.
ఒకరు రాకపోతే
ఊడిన పన్ను సందులోకి నాలుక పోయినట్టు
కళ్ళు అక్కడికే పోయేవి.
ఎస్తేరుకి జ్వరం టీచర్, రాత్రి మా అమ్మే కషాయం కాచింది,
అడగకముందే ఎవరో ఒకరు.

ముప్ఫై ఒక్క మంది. ఎనిమిది తరగతులు, మూడు గదులు.
పెద్దపిల్లలు సరిగ్గా పద్నాలుగు.
కబడ్డీకి రెండు జట్లు కట్టాలంటే
కాలీడ్చే హేమావతీ కావాలి.
నువ్వు పట్టుకో చాలు, లాగేది మేం చూసుకుంటాం
అని గీత దగ్గర నిలబెట్టేవాళ్ళు.
పట్టుకునేది.
ఉడుంపట్టు హేమ అని వీధంతా పేరు.

ఈ జూన్‌లో కాగితం వచ్చింది, విలీనం అని.
అంటే ఏంటమ్మా అంది ఆయా దేశమ్మ.
కరిగి కలిసిపోవడం అన్నాను.
ఉప్పులాగానా, చక్కెరలాగానా?
బీరువా తాళాలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

నాలుగంతస్తులు. రెండు వేల నాలుగు వందల మంది.
గంట కొట్టేది కరెంటు.
మెట్లెక్కేవాళ్ళకి ఎడమ, దిగేవాళ్ళకి కుడి.
పదకొండో రోజున ఒక చోటు ఖాళీగా ఉంటే
ఎవరిదని పక్కవాణ్ణి అడిగాను.
పేరు తెలీదు టీచర్,
పొట్టిగా ఉంటాడు, అన్నాడు.

నోటీసు బోర్డు మీద కబడ్డీ జట్టు, పన్నెండు పేర్లు.
హేమావతిని ఎవరూ పొమ్మనలేదు.
రమ్మనలేదు, అంతే.
పిట్టగోడ మీద కూర్చుంటుంది,
ఒళ్ళో అందరి నీళ్ళ సీసాలూ.

అలాగని పాతదంతా తేనె అనను.
గజేంద్రకి మాట తడబడేది.
రెండో తరగతిలో ఎవడో ట-ట-టపాకాయ్ అన్నాడు,
ఏడో తరగతి దాకా అదే పేరు.
ముప్ఫై ఒక్క మందిలో
పేరు విడిచి దాక్కునే చోటేదీ?
నేనూ ఒకసారి నవ్వాను.
వాడు చూశాడు.

ఇక్కడ వాడెవరో ఎవరికీ తెలీదు.
వాడికదే పండగ.
మూడో అంతస్తు మెట్ల మలుపులో
పావురాలు పెంచే అరివళగన్ దొరికాడు.
పల్టీలు కొట్టే జత ఎంతకొస్తుందో
సగం తెలుగు, సగం తమిళంలో బేరాలు.
వీడి మాట ఆగిపోతే వాడూ ఆగుతాడు,
పైకెగిరింది దానంతటదే దిగాలని
తెలిసినవాడు.

నాలుగో అంతస్తు కిటికీలోంచి రైల్వే గేటు కనిపిస్తుంది.
ఈ పొద్దున పడి ఉంది.
అవతల మావాళ్ళెవరో ఉండే ఉంటారు.
మైకులో పాట మొదలైపోయింది.
పై స్థాయి ఎవరో అందుకున్నారు,
బాగానే అందుకున్నారు.
నేను మాత్రం
గేటు లేచేదాకా
పెదవి కదపలేదు.