ఒత్తు పట్టేవాడు

మా అన్న సూరప్పది సన్నాయి.
నాది ఒత్తు.
అంటే, కన్నాలు మైనంతో మూసేసిన గొట్టం.
మిగిలేది ఒక్క స్వరం.
ముప్పై ఏడేళ్లు అదొక్కటే ఊదాను,
అంబాజీపేట నుంచి అంతర్వేది రేవు దాకా
ఎవరి పెళ్లైనా, ఏ దేవుడి ఊరేగింపైనా.

"అన్నగారు రాగం వాయిస్తారు, మరి తమరో?"
అనేవారు పందిట్లో పెద్దమనుషులు.
"ఆయ్, నేనేం వాయించనండి. పట్టుకుంటానండి."
నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

కష్టమంతా ఊపిరిలో ఉంది.
బుగ్గల్లో దాచిన గాలి గొట్టంలోకి పోతుండగానే
ముక్కుతో కొత్తది దొంగిలించాలి.
ఎక్కడ తీసుకున్నావో పక్కవాడికి తెలిసిందా,
నీకు ఒత్తు రానట్టేరా, అనేవాడు నాన్న.
పంట కాలవలో పీకల్లోతున నిలబెట్టి
బొప్పాయి కాడతో బుడగలు ఊదించేవాడు.
బుడగలు తెగితే మొట్టికాయ.

నా పదకొండో ఏట, లంకలో ఒక పెళ్లి.
హోమం పొగ గొంతులోకి పోయి దగ్గాను.
అర క్షణం.
అన్న కల్యాణి అప్పుడు పైషడ్జం మీద ఉంది.
కట్టుతాడు తెగిన నావలా
అటొకసారి ఇటొకసారి తూలింది.
పందిరంతా నావైపు తిరిగింది.
నేనొకణ్ణి ఉన్నానని ఆ ఊరికి
అప్పుడే తెలిసింది.

దేవుడి గురించి నాకు తెలిసింది ఆ అర క్షణమే.
ఆయనే పాట, ఆయనే పాడేవాడు అని
హరిదాసులు చెప్పగా విన్నాను, కాదనను.
నాకు మాత్రం వెనక వరసలో కనిపిస్తాడు,
శాలువా అందని చోట,
బుగ్గలు నొప్పెడుతుంటే
ఒకటే స్వరం పట్టుకుని.

పెద్ద వరద ఏడు, ఏటిగట్టు తెగిన రాత్రి
మా వరాలు కొట్టుకుపోయింది.
ఆరేళ్ల పిల్ల.
ఆ తర్వాత ఎంత చెవొగ్గినా ఏమీ వినబడలేదు.
ఆయన దగ్గాడేమో అనుకున్నాను.
పొగ ఆయన గొంతులోకీ పోతుంది కదా.
మళ్లీ అందుకుంటాడని కూచున్నాను,
గట్టు పూడ్చారు, నాట్లు పడ్డాయి, కోతలయ్యాయి.
అందుకున్నాడా?
చెప్పలేను.
మాఘమాసంలో ఎవరిదో పెళ్లి ఒప్పుకున్నాడు అన్న.
నేనైతే అందుకున్నాను.

ఇప్పుడు అన్న కొడుకు దగ్గర అరచేతంత నీలం పెట్టె ఉంది.
మీట నొక్కితే శ్రుతి.
దగ్గదు, తూలదు, భోజనానికి లేవదు.
మంచిదే. నాకు పళ్లూ పోయాయి.
కానీ ఊపిరి తీసుకోని దానికి
దండం పెట్టబుద్ధి కాదు నాకు.

నిన్న సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాను.
నడి ఏట్లో ఇంజను ఆగిపోయింది.
అంతసేపూ అది మోగుతోందని
ఆగాకే తెలిసింది అందరికీ.
మోటారు సైకిలు మీది కుర్రాడు ఫోనులోంచి తలెత్తాడు.
చేపల గంప ఆవిడ, "ఇదేంటి సామీ" అంది.
పంటు మాత్రం నిలవలేదు,
ఏటివాలుకి మెల్లగా జరుగుతోంది.
అడుగున ఇనప రేకుని రాసుకుంటూ నీళ్లు.

ఏ స్వరమా అని చెవి పెట్టాను.
నాది కాదు. దానికి కాస్త దిగువన.
చూసుకునే లోపే
నా బుగ్గలు నిండి ఉన్నాయి.