గోరంత మెడ

కయాని ఊళ్లో తుపాకుల కొట్టతను
పెట్టెలన్నీ వెతికి, తల అడ్డంగా ఊపాడు.
"ఆ పాత పిస్టల్‌కా? దాని తూటాలు ఇప్పుడెవరు తెస్తారమ్మా,
మీరే వండుకోవాలి."

వండటం నాకు కొత్త కాదు.
ముప్పై ఏళ్లు రై పిండి పిసికిన చేతులివి,
చిటికెడు ఉప్పంటే ఎంతో
నన్నడక్కుండానే తెలిసిన వేళ్లు.

ఆ మాటే ఓయివాతో అన్నాను.
గడియారాలు బాగుచేసిన ముసలాయన,
కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని
"ఇందులో చిటికెడు లేదు, హిల్కా" అన్నాడు.
"త్రాసు ఉంది."

ఇత్తడి గుల్లను వేళ్ల మధ్య తిప్పుతూ
మనిషిని పరిచయం చేసినట్టు చెప్పాడు:
ఇది మూతి, ఇది మెడ, ఇది భుజం.
నిటారు గొట్టంలాంటివైతే ఎవరైనా నేర్చుకుంటారట.
ఇది సీసా వాటం.
గుండును పట్టుకోవాల్సింది ఆ మెడ;
ఆ మెడేమో గోరంత.

మొదటిరోజు నూనె తక్కువైంది.
గుల్ల అచ్చులో ఇరుక్కుంది.
పిడి మీద నా బరువంతా వేసి వేలాడితే
అడుగంచు చిరిగి చేతికొచ్చింది,
ఒళ్లు లోపలే ఉండిపోయింది.
రెండోరోజు నూనె ఎక్కువైంది.
ప్రతి భుజం మీదా ఒక సొట్ట,
పసిపిల్ల బుగ్గ మీద సొట్టంత ముద్దుగా,
దేనికీ పనికిరాకుండా.
మూడోరోజు అన్నీ కుదిరాయనుకుని
గుండును బొటనవేలితో నొక్కి చూశాను.
పెరుగులో చెంచాలా
దిగిపోయింది.

"అది దిగితే లోపల జాగా తగ్గుతుంది.
జాగా తగ్గితే ఒత్తిడి పెరుగుతుంది.
ఆ పిస్టల్ నీకంటే నలభై ఏళ్లు పెద్దది," అన్నాడు ఓయివా,
"పెద్దవాళ్లకి కోపం తెప్పించకు."

మందంటే ఇక్కడ నయం చేసేది కాదు,
మత్తెక్కించేదీ కాదు.
బూడిదరంగు రవ్వలు, గసగసాల కంటే సన్నం.
త్రాసు ముల్లు వణికితే
ఊపిరి నాదా, కిటికీ సందులోంచి గాలిదా
తేల్చుకోవడానికే ఒక సాయంత్రం పట్టింది.

ఫిబ్రవరిలో ఒక రాత్రి
మొత్తానికి యాభై పూర్తిచేశాను.
వరుసగా నిలబెట్టి మురిసిపోతుంటే గుర్తొచ్చింది.
మధ్యలో మా అక్క ఔనె ఫోన్ చేసింది,
వాళ్ల కుక్కకి పన్ను పీకించిన సంగతి చెప్పింది.
ఫోన్ పెట్టేసి నేను మళ్లీ మొదలుపెట్టింది
ఏ గుల్ల దగ్గర?
అప్పటికే మందు పోసినదాంట్లో
మళ్లీ పోశానా?

యాభైనీ తూచాను.
ఏ రెండూ ఒక బరువు లేవు.
ఇత్తడిలో తేడాయే మందులో తేడాను మింగేస్తోంది.
త్రాసు కూడా చేతులెత్తేసింది.

సుత్తి తీసుకున్నాను.
ఒక్కొక్కటీ విప్పాను, తెల్లవారు మూడింటిదాకా,
ఠక్, ఠక్, ఠక్,
పై వాటా వాళ్లు ఏమనుకున్నారో.
యాభైలోనూ మందు సరిగ్గానే ఉంది.
ఒక్కటీ తప్పు లేదు.
ఆ సంగతి విప్పకుండా తెలిసే దారీ లేదు.

ఏడుపుగొంతుతో చెబితే ఓయివా నవ్వలేదు.
"నా దగ్గరికొచ్చిన గడియారాల్లో సగానికి
ఏ రోగమూ లేదు.
విప్పాను, చూశాను, బిగించాను.
డబ్బు తీసుకున్నది చూసినందుకే."

మార్చిలో, మైనస్ పన్నెండులో,
ఐదంటే ఐదు తీసుకుని వెళ్లాను.
ఫోన్ ఇంట్లోనే వదిలేశాను.
కాగితం మీద నాలుగు రంధ్రాలు అరచేతిలో పట్టేంత దగ్గరగా,
ఒకటి మాత్రం తనదారిన తాను.
ఓయివా నావైపు చూడలేదు, మంచువైపు చూశాడు:
వేడి గుల్ల పడ్డ ప్రతిచోటా
చిన్న నల్లటి బొక్క, దాంట్లోంచి సన్నటి ఆవిరి.

చేతి తొడుగులు విప్పి తవ్వాను.
నాలుగు దొరికాయి.
మెడలు పగల్లేదు, భుజాలు నిలిచాయి.
ఐదోది మంచు కింద ఎక్కడో ఉంది.
మే నెలలో వచ్చి వెతుక్కుంటాను.