నాలుగు లాడాలు

అక్టోబరు మంచు
జూరా కొండల మీద ఇంకా లేవలేదు.
క్లోతిల్ద్ ఫోన్లో ఒక్కటే మాట అంది:
"పటకారు తీసుకురా, సుత్తి అక్కర్లేదు."

లాడాలు కొట్టేవాణ్ణి నేను.
ఊడదీయడానికి మాత్రమే రమ్మనడం
ముప్ఫై ఏళ్ళలో ఇదే మొదటిసారి.

ఓంబ్రాజ్ పదకొండేళ్ళుగా ఒకే కొట్టంలో ఉంది.
ఒక కిటికీ, ఒక తొట్టి, ఇనుప చువ్వల తలుపు.
వసంతంలో ఆడగుర్రాల దగ్గరికి తీసుకెళ్ళేవారు
పని కాగానే లోపలికి తోలేవారు.
మిగతా మగగుర్రాలంటే దానికి
గాలిలో వచ్చే వాసన
గోడ అవతలి దగ్గు.
తలుపు చెక్కని అది కొరికి కొరికి తొలిచిన చోట
నా పిడికిలి నిండుగా పడుతుంది.

"మగవి రెండు కలిస్తే ఒకటే మిగులుతుంది"
అనేవాడు ఉర్బాన్.
వాళ్ళ నాన్న కూడా అదే అన్నాడట.
తాత కూడా అనే ఉంటాడు.
చూసినవాడు మాత్రం ఆ ఇంట్లో లేడు,
తలుపు తీసినవాడు లేడు గనక.

ఉర్బాన్ పోయిన రెండో ఏడు
ఆమె మైదానాన్ని అడుగులతో కొలిచింది.
కంచె మూలల్ని దుంగలతో గుండ్రంగా మూసేసింది.
"మూలకి నెట్టబడ్డవాడే తంతాడు, తెలుసా?"
నాలుగు గుర్రాలకి ఆరు కుప్పల ఎండుగడ్డి వేసింది.
ఓడినవాడికీ ఆకలి ఉంటుంది కదా అంది.
ఎనిమిది రోజులు చువ్వల మధ్య నుంచి
ముక్కూ ముక్కూ కలవనిచ్చింది.
ఆడవాసన తగలకుండా
తన జలుబు మందే వాటి ముక్కులకి పూసింది.
ఆ వాసనకి నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది.
నవ్వాను. ఆమె నవ్వలేదు.

నాలుగు లాడాలు ఊడదీశాను.
వేడిగా ఉన్నాయి, ఒంటి వేడి.
జేబులో వేసుకుని
తలుపు తీశాను.

అది రాలేదు.
గడప మీద నిలబడి
ఇంత ఆకాశాన్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు
చెవులు ఒక్కోటి ఒక్కో వైపు తిప్పింది.

పిల్లలే వచ్చాయి.
రెండేళ్ళ గ్రెలో, లూటాన్,
వెనకాల పేరింకా పెట్టని ఎర్రది.
గ్రెలో మెడ దించి, పెదాలు వెనక్కి లాగి
టపటపా దవడలు ఆడించింది:
చిన్నవాణ్ణి, పాలపళ్ళవాణ్ణి, కొట్టొద్దు.

ఆ మాట ఓంబ్రాజ్‌కి అర్థం కాలేదేమో.
లేదా, ఎప్పుడో తనూ అన్న మాటే,
గుర్తు రావడానికి టైము పట్టిందేమో.
కీచుమని అరిచింది.
వెనక కాలు లేచింది.
దెబ్బ గ్రెలో పక్కటెముకల మీద పడింది,
తడి గోనెని కర్రతో బాదినట్టు.

క్లోతిల్ద్ గొలుసు పట్టుకుంది. లాగలేదు.
నా జేబులో ఇనుము
మోకాలంత బరువెక్కింది.

ఆ తర్వాత జరిగింది చెబితే నవ్వుతారు.
గ్రెలో నాలుగడుగులు వెళ్ళి లద్దె వేసింది.
ఓంబ్రాజ్ దాన్ని సాంతం వాసన చూసి
చదివిన కాగితం కింద సంతకం పెట్టే నోటరీలా
తనూ దాని మీదే వేసింది.
లూటాన్ వచ్చింది. సంతకం.
ఎర్రది వచ్చింది. సంతకం.
ఊరి సభలో ఇంత మర్యాద
నేనెన్నడూ చూడలేదు.

మధ్యాహ్నానికి మంచు విడిచింది.
వాడు గ్రెలో పక్కనే నిలబడి
మెడ కింది జూలు మొదట్లో పళ్ళు పెట్టాడు.
నేను ఊపిరి బిగబట్టాను.
కొరుకుతున్నాడు, మెల్లగా,
చెక్క కొరికిన ఆ పళ్ళతోనే
దురదగా ఉన్న చోట వెతికి వెతికి.
పిల్లవాడు తిరిగి వాడి భుజాన్ని గీరాడు.
ఇద్దరి కళ్ళూ సగం మూతపడ్డాయి.

"ఎంత ఇవ్వాలి?" అంది క్లోతిల్ద్
ముక్కు చీదుతూ. జలుబు మందు ఘాటు అంది.
ఊడదీసినందుకు రేటు లేదు నా దగ్గర.

గ్రెలో పిరుదు మీద
నాణెమంత చోట వెంట్రుకలు పోయాయి.
ఎర్రవాడికి చెవి కొస చీరుకుంది.
అంతే. ఇప్పటికి అంతే.
వసంతంలో ఏమవుతుందో ఆమెకీ తెలియదు,
తెలుసని ఎవరన్నా నేను నమ్మను.

లాడాలు లేని గుర్రాలకి నాతో పనేముంది?
అయినా గురువారం వెళ్ళాను.
వాన పడుతోంది.
కొట్టం తలుపు బార్లా తెరిచే ఉంది,
లోపల పొడి గడ్డి, దీపం, ఒక కోడి.
నలుగురూ బయటే ఉన్నారు,
గాలికి పిరుదులు తిప్పి
ఒకరి మెడ కింద ఒకరు
తడుస్తూ.