మంగళవారం చెవి

నా చెవికే జీతమిస్తారు.
చేతులు మిథ్కాల్‌వి. గడ్డపార, సుద్దముక్క,
వ్యాను తాళాలు, అన్నీ వాడి దగ్గరే.
నేను ఒట్టి చెవిని.

అమ్మాన్‌లో ఈ పేటకి నీళ్ళు వారానికొక్కసారి.
మంగళవారం రాత్రి పదకొండింటికి వదిలితే
బుధవారం మధ్యాహ్నానికి గొట్టాలు మళ్ళీ మూగవి.
మూగగొట్టం తన చిల్లు ఎక్కడుందో చెప్పదు.
అందుకే ఊరంతా బట్టలుతుక్కునే రాత్రి
నేను రోడ్డుమీద మోకరిల్లి
బోర్లించిన గిన్నెలాంటి యంత్రాన్ని తారుకి ఆనించి
ఊపిరి బిగబడతాను.

కుక్క. రొట్టెల బట్టీ. ఎవరింట్లోనో ఫ్రిజ్ గురక.
ట్రాన్స్‌ఫార్మర్‌ది ఒకటే శ్రుతి, దాన్ని తీసెయ్యాలి.
నా గుండెని కూడా.
మొదటి ఏడాది దాన్నే చిల్లనుకుని
మూడుచోట్ల రోడ్డు తవ్వించాను.
కారే నీటి గొంతు వేరు.
నిద్రలో ఎవరో పళ్ళసందుల్లోంచి
గాలి పీలుస్తున్నట్టుంటుంది.

డబ్బు నీళ్ళలా ఖర్చయిందంటే
ఇక్కడెవరికీ అర్థం కాదు.
ఇక్కడ నీళ్ళనే డబ్బులా లెక్కపెడతారు.
కూరలు కడిగినవి నేలకి,
నేల తుడిచినవి గుమ్మం ముందు దుమ్ముకి.

నాన్న కాలంలో డిసెంబరంటే బురద బూట్లు.
ఇప్పుడు మబ్బొస్తుంది, కొండమీద కాసేపు నిలబడుతుంది,
దారి అడగడానికి ఆగినవాడిలా వెళ్ళిపోతుంది.
కురిసిందా, నెల వాన గంటలో.
లోయలో కార్లు తేలతాయి,
మిద్దెలమీద ట్యాంకులు ఎండగానే ఉంటాయి.
దక్షిణాన సముద్రానికి ఉప్పు వదిలించి
ఎడారంతా నడిపించి తీసుకొస్తామంటున్నారు పెద్దలు.
ధరలు కొండెక్కడం చూశాం, సముద్రం కూడా ఎక్కనీ.
కానీ అంతదూరం నడిచొచ్చింది
మా తుప్పుగొట్టాల్లోంచి జారిపోతే
ఎవరికి చెప్పుకోవాలి?

ఆ మెట్లవీధిలో, నూటపన్నెండో మెట్టు దగ్గర
వినపడింది.
సుద్దతో గీత గీసి మిథ్కాల్ తలెత్తాడు.
అంజూర చెట్టు.
ఆగస్టులో వీధి వీధంతా ఎముకరంగులో ఉంటే
అదొక్కటే పచ్చగా, సిగ్గులేకుండా.

వస్ఫీ వాళ్ళమ్మ తలుపు తీసింది.
యంత్రాన్ని చూసింది, గీతని చూసింది,
ఏమీ అనకుండా పళ్ళెంలో పళ్ళు పెట్టింది.
తిన్నాం.
గంటకి మూడొందల లీటర్ల తీపి.
"పదహారేళ్ళు. ఒక్క చెంబు పోసి ఎరగను.
దేవుడు చూసుకుంటున్నాడనుకున్నా."

పద్ధెనిమిది మెట్లపైన హియామ్ ఇల్లు.
కుట్టుపని, ముగ్గురు పిల్లలు,
సగానికి మించి ఎప్పుడూ నిండని ట్యాంకు.
ఆ సంగతి చెప్పాను.
ముసలామె చాలాసేపు మెట్లవైపే చూసింది.
"సరే. మరి చెట్టుకెవరు చెప్తారు?"

మా ఆఫీసు కాగితాల్లో ఆ గడి లేదు.
బుధవారం నీళ్ళాగాక తవ్వి
ఉక్కుపట్టీ బిగించాం. వేరొకటి గొట్టాన్ని చుట్టుకుని ఉంది,
పసిపిల్ల వేలు పట్టుకున్నట్టు.
మిథ్కాల్ దాన్ని కొయ్యలేదు, పక్కకి జరిపాడు.

సెప్టెంబరుకి చెట్టు సగం ఆకులు రాల్చింది.
వాడు తన డబ్బుతో రబ్బరుగొట్టం కొన్నాడు.
హియామ్ వాషింగ్ మెషిన్ రెండో జాడింపు నీళ్ళు
ఇప్పుడు సబ్బువాసనతో మెట్లు దిగుతున్నాయి.
చెట్టు ఒప్పుకుందో లేదో ఇంకా తెలీదు.
ఈ ఏడు పళ్ళు చిన్నవి.
వస్ఫీ వాళ్ళమ్మ నాకు పెట్టలేదు.

నిన్న మంగళవారం మళ్ళీ వెళ్ళాను.
మోకరిల్లాను. కుక్క, బట్టీ, నా గుండె.
అన్నీ తీసేశాక, కింద ఏమీ లేదు.
యంత్రం సర్దుకుంటుంటే పైనుంచి వినపడింది,
ఈ చెవికే, యంత్రమేం అక్కర్లేకుండా:
ట్యాంకు అంచుదాటి పొర్లిన నీళ్ళు,
ఆ వెంటనే
మిద్దెమీద ఉత్తకాళ్ళతో ఎవరో పరుగెత్తి
కుళాయి కట్టేసిన చప్పుడు.